ఫ్రెంచి వ్యాకరణం: తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో సాయంత్రం పూట నేను నడిపే చిన్న తరగతికి పై చదువులకు ఫ్రాన్సు వెళ్ళాలనుకునే ఇంజనీరింగు విద్యార్థులు, కెనడాకు దరఖాస్తు పెట్టుకున్న నర్సులు, బడిలో మూడో భాషగా ఫ్రెంచి తీసుకున్న పిల్లలు, కొండకు వచ్చే విదేశీయులతో నాలుగు మాటలు మాట్లాడాలనుకునే గైడ్లు వస్తుంటారు. వయసులూ అవసరాలూ వేరైనా, వారి సందేహాలు మాత్రం ఏటా ఇంచుమించు ఒకటే. వాటిలో చాలా వరకు ఫ్రెంచి కష్టమైనందువల్ల వచ్చినవి కావు. తెలుగులో అనుకున్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని, ఆ ఇంగ్లీషును మళ్ళీ ఫ్రెంచిలోకి దించడం వల్ల వచ్చినవి. అందువల్ల ఈ సమాధానాల్లో వీలైన చోటల్లా మధ్యవర్తిని పక్కన పెట్టి, తెలుగు నుంచి నేరుగా ఫ్రెంచికి వెళ్ళే దారి చూపడానికి ప్రయత్నించాను. దారి లేని చోట లేదనే రాశాను.

ఫ్రెంచి మాటలను తెలుగు లిపిలోనే ఇచ్చాను. ముక్కుతో పలికే అచ్చులకు, మనం దాదాపు మరిచిపోయిన అరసున్న చక్కగా సరిపోయింది: 'బోఁ' అంటే మంచి, 'వెఁ' అంటే ఇరవై. 'జ' అక్షరాన్ని మాత్రం రెండు వేర్వేరు ఫ్రెంచి ధ్వనులకు వాడక తప్పలేదు. వాటి తేడాను చెవితో విని పట్టుకోవలసిందే.

'నాకు ఆకలిగా ఉంది' అనడానికి 'ఉండు' అనే క్రియ వాడితే ఎందుకు తప్పు?

ఫ్రెంచిలో ఆకలి, దాహం, భయం, నిద్ర, వయసు అన్నీ మనిషికి 'కలిగి ఉండేవి'. అందుకని అక్కడ 'ఎత్ర్' (ఉండు, అగు) అనే క్రియ కాక 'అవ్వార్' (కలిగి ఉండు) అనే క్రియ వస్తుంది. 'జే ఫెఁ' అంటే నాకు ఆకలిగా ఉంది, 'జే స్వాఫ్' అంటే నాకు దాహంగా ఉంది, 'జే వెఁ తాఁ' అంటే నాకు ఇరవై ఏళ్ళు. ఇంగ్లీషు మీదుగా వచ్చేవారు 'జ స్యుయి' (నేను ఉన్నాను) అని మొదలుపెట్టి ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

తెలుగువారికి ఇక్కడ ఒక సులువైన గుర్తు ఉంది. తెలుగు వాక్యం 'నాకు' అని మొదలై, ఆ వెంటనే ఒక నామవాచకం వస్తే, ఫ్రెంచిలో చాలాసార్లు 'జే' (నాకు ఉంది) వస్తుంది. నాకు జ్వరం, నాకు తలనొప్పి, నాకు ఇద్దరు చెల్లెళ్ళు, నాకు భయం అన్నీ 'జే'తోనే మొదలవుతాయి. నాకు సంతోషంగా ఉంది, నాకు కోపం వచ్చింది వంటివి కొన్ని ఈ లెక్కకు లొంగవు. అవి 'జ స్యుయి'తో వస్తాయి కనుక విడిగా గుర్తు పెట్టుకోవాలి. 'నాకు' అన్న మాట యథాతథంగా ఫ్రెంచిలోకి వెళ్ళే సందర్భాలు కూడా ఉన్నాయి. 'సెత్ మెజోఁ మ ప్లే' అనే వాక్యం అచ్చంగా 'ఈ ఇల్లు నాకు నచ్చింది' అనే వాక్యమే: ఇల్లు కర్త, 'మ' అంటే నాకు. 'ఇల్ మ ఫో అఁ స్తిలో' అంటే 'నాకు ఒక పెన్ను కావాలి'. ఇంగ్లీషులో చదివినవారు తలకిందులుగా ఉందని విసుక్కునే ఈ వాక్యాలు మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటైనవే.

'ఎత్ర్', 'అవ్వార్' అనే ఈ రెండు క్రియలను తారుమారు చేస్తే ఏమవుతుందో నా అనుభవంలోనే చూశాను. నేర్చుకుంటున్న రోజుల్లో పుదుచ్చేరిలో ఒక ఇంట్లో భోజనానికి పిలిచారు. తినడం ముగిశాక 'జే ఫినీ' (ముగించాను) అనవలసిన చోట 'జ స్యుయి ఫినీ' అన్నాను. దానికి 'నా పని అయిపోయింది, ఇక నేను నాశనం' అనే అర్థం వస్తుంది. ఆ ఇంటి పెద్దావిడ కంగారుపడి, భోజనంలో ఏమైనా తేడా వచ్చిందా అని అడిగింది.

బల్ల ఆడది, పుస్తకం మగది ఎలా అయ్యాయి? ఇందులో తర్కం ఏమిటి?

తర్కం వెతక్కండి. లింగం వస్తువుది కాదు, మాటది. తిరుపతిలో సంస్కృతం చదివినవారు వీధికొకరుంటారు కనుక నేను తరగతిలో ఇచ్చే ఉదాహరణ ఇది: సంస్కృతంలో భార్య అనే అర్థానికి 'భార్యా' స్త్రీలింగం, 'దారాః' పుంలింగం, పైగా బహువచనం, 'కలత్రమ్' నపుంసకం. మనిషి ఒకరే, మాటలు మూడు, లింగాలు మూడు. ఫ్రెంచిలోనూ అంతే. 'విక్తిమ్' (బాధితుడు లేదా బాధితురాలు) మగవాడి గురించి చెప్పినా స్త్రీలింగమే. మనం మామగా పిలుచుకునే చంద్రుడు అక్కడ 'లా ల్యూన్', స్త్రీలింగం. సూర్యుడు 'ల సొలెయ్', పుంలింగం.

తెలుగు లింగ పద్ధతి కూడా బయటివారికి తక్కువ వింత కాదు. 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఏకవచనంలో ఆడవారిని వస్తువులతో కలిపి, బహువచనానికి వచ్చేసరికి 'అమ్మాయిలు వచ్చారు' అని మగవారి పక్కన చేరుస్తాం. దాన్ని ఎవరూ తర్కంతో నేర్చుకోలేదు. ఫ్రెంచిలో బహువచనానికి వేరే నియమం ఉంది: తొంభై తొమ్మిది మంది స్త్రీలలో ఒక్క పురుషుడు ఉన్నా గుంపు మొత్తానికి పుంలింగ సర్వనామం 'ఇల్' వస్తుంది.

అయితే ప్రతి మాటకూ లింగాన్ని బట్టీ పట్టాలా? ఏ గుర్తులూ లేవా?

ఉన్నాయి, కొంత వరకు పనికొస్తాయి. 'సియోఁ' అని ముగిసే మాటలు (నాసియోఁ, స్తాసియోఁ) స్త్రీలింగం. 'మాఁ' అని ముగిసేవి (గువెర్న్‌మాఁ, మొన్యుమాఁ) పుంలింగం. ఆడగుర్రం అనే అర్థమున్న 'జ్యుమాఁ' మాత్రం సహజంగానే స్త్రీలింగం. 'ఆజ్' అని ముగిసేవి (వ్వాయాజ్, విలాజ్) ఎక్కువగా పుంలింగం, కానీ సముద్రతీరం (ప్లాజ్), పుస్తకంలోని పేజీ (పాజ్), బొమ్మ (ఇమాజ్), పంజరం (కాజ్) స్త్రీలింగాలు.

వీటన్నిటికంటే పనికొచ్చే అలవాటు ఒకటుంది. మాటను ఒంటరిగా కాక, ముందు 'అఁ' లేదా 'యూన్' (ఒక) చేర్చి నోట్సులో రాసుకోండి. 'ల', 'లా' (ఇంగ్లీషు 'ది' లాంటివి) చేర్చి రాసుకోవద్దు, ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాటల ముందు ఆ రెండూ కుదించుకుపోయి ఒకే 'ల్'గా మిగులుతాయి. 'లెకోల్' అంటే బడి, 'లార్బ్ర్' అంటే చెట్టు. ఈ రెండు రూపాలనూ చూసి ఏది ఏ లింగమో చెప్పలేం. 'యూనెకోల్', 'అఁ నార్బ్ర్' అని రాసుకుంటే మాటతోపాటు లింగమూ చెవిలో పడిపోతుంది. నా దగ్గర చదివిన ఒక నర్సమ్మ స్త్రీలింగ పదాలన్నీ కుంకుమ రంగు సిరాతో, పుంలింగ పదాలు నీలం సిరాతో రాసుకునేది. ఆరు నెలల తర్వాత, మాట తలుచుకుంటే ముందు రంగే కనిపిస్తోందని చెప్పింది.

'ల', 'అఁ', 'ద్యు' – ఈ మూడు ఆర్టికళ్ళలో ఏది ఎప్పుడు వాడాలో ఎలా తెలుస్తుంది?

తెలుగులో ఆర్టికల్ అనేదే లేదు కనుక మనవారికి అన్నిటికంటే ఎక్కువ కాలం వేధించే చిక్కు ఇదే. అలాగని తెలుగులో ఆ తేడాలు అసలే లేవని కాదు, వాటిని మనం వేరే విధంగా చూపిస్తాం. కాఫీనే తీసుకుందాం.

'నాకు కాఫీ అంటే ఇష్టం' అన్నప్పుడు లోకంలోని కాఫీ మొత్తాన్ని ఉద్దేశిస్తున్నాం. ఫ్రెంచిలో 'జెమ్ ల కఫే'. 'పొద్దున కాఫీ తాగుతాను' అన్నప్పుడు ఆ కాఫీలో కొంత భాగమే మన గ్లాసులోకి వస్తుంది: 'జ బ్వా ద్యు కఫే'. బస్టాండు దగ్గర కొట్టులో నిలబడి 'అన్నా, ఒక కాఫీ' అన్నప్పుడు లెక్కపెట్టగల ఒక కప్పు: 'అఁ కఫే, సిల్ వూ ప్లే'. అంటే తెలుగు వాక్యంలో 'అంటే' అనే మాట ఇముడుతుందేమో చూడండి, ఇమిడితే 'ల'. 'ఒక' ఇమిడితే 'అఁ'. 'కొంచెం' ఇమిడితే 'ద్యు', స్త్రీలింగమైతే 'ద లా'. ఇష్టాయిష్టాలు చెప్పే క్రియల తర్వాత 'ల' తప్ప మరొకటి రాదని గుర్తుంచుకుంటే సగం తప్పులు పోతాయి.

వ్యతిరేకార్థంలో 'ద్యు', 'ద లా', 'అఁ', 'యూన్' అన్నీ కరిగిపోయి ఒట్టి 'ద' మిగులుతుంది: 'జ న బ్వా పా ద కఫే' (నేను కాఫీ తాగను). 'ల' మాత్రం కరగదు: కాఫీ అంటే ఇష్టం లేదు అనడానికి 'జ నెమ్ పా ల కఫే' అనే అనాలి. కొలతల తర్వాత కూడా 'ద' ఒక్కటే: 'అఁ కిలో ద రీ' అంటే కిలో బియ్యం, 'బోకూ ద రీ' అంటే బోలెడు బియ్యం. 'బోకూ ద్యు రీ' అని రాసిన కాగితాలు నేను దిద్దినన్ని మరెవరూ దిద్ది ఉండరేమో.

మాటల చివర ఉన్న అక్షరాలు ఒకసారి పలుకుతారు, ఒకసారి పలకరు. దీనికి నియమం ఉందా?

ఉంది. బడిలో సంధులు నేర్చుకున్నవారికి ఇది కొత్త కాదు. 'రాముడు + ఎక్కడ' కలిస్తే 'రాముడెక్కడ' అయినట్టే, 'ల' ముందు 'ఆమీ' (స్నేహితుడు) వస్తే 'లామీ' అవుతుంది. పూర్వాచ్చు లోపించడమన్నమాట. 'మా + అమ్మ'ను 'మాయమ్మ' అన్నప్పుడు మధ్యలో 'య' వచ్చి చేరినట్టే, 'అతని దగ్గర ఉందా' అని అడిగే 'ఆతిల్' అనే రూపంలో రెండు అచ్చులు ఢీకొనకుండా 'త' వచ్చి చేరుతుంది. మనది యడాగమం, వారిది 'త'కారాగమం అనుకోండి. ద్రుతం గుర్తున్నవారికి ఇంకా సులువు: మామూలుగా దాగి ఉండి, అచ్చు ఎదురుకాగానే బయటపడే హల్లు అది. 'లే' అనే బహువచన ఆర్టికల్ చివర ఉన్న 'ఎస్' కూడా అంతే. 'లే లీవ్ర్' (పుస్తకాలు) అన్నప్పుడు వినిపించదు, 'లే జామీ' (స్నేహితులు) అన్నప్పుడు 'జ'గా పలుకుతుంది.

ఇది చెవికి ఇంపు కోసం మాత్రమే కాదు, అర్థాన్నీ మారుస్తుంది. 'ఇల్ జోఁ' అంటే వారికి ఉంది, 'ఇల్ సోఁ' అంటే వారు అయి ఉన్నారు. మన నోటిలో ఈ రెండూ ఒకటైపోతే వాక్యమే మారిపోతుంది. 'హెచ్'తో మొదలయ్యే కొన్ని మాటల ముందు ఈ సంధి జరగదు. వీరుడు 'ల ఎరో', వీరవనిత మాత్రం 'లెరోయిన్'. వీరులు అనడానికి 'లే ఎరో' అని విడదీసే పలకాలి, కలిపితే 'సున్నాలు' అని వినిపిస్తుంది.

'నువ్వు', 'మీరు' మనకూ ఉన్నాయి కదా, ఇందులో కష్టమేముంది?

'త్యు', 'వూ' అనే రెండు రూపాల మధ్య తేడా మనకు చెప్పకుండానే అర్థమవుతుంది. చిక్కు మరో మూడు చోట్ల ఉంది. మొదటిది, ఒక్కరినే గౌరవంగా 'వూ' అన్నప్పుడు క్రియ బహువచనంలో ఉన్నా విశేషణం ఏకవచనంలోనే ఉండాలి. 'మీరు మంచివారు' అని మనం అన్నిటినీ బహువచనంలోకి మార్చేస్తాం కనుక, 'వూ జెత్ జాఁతీ' అని రాసేటప్పుడు చివర అనవసరంగా ఒక 'ఎస్' తగిలిస్తాం. రెండోది మరీ సాధారణమైన తప్పు. ఫ్రెంచిలో ప్రథమ పురుషలో గౌరవ బహువచనం లేదు. 'మా నాన్నగారు వచ్చారు' అని రాయమంటే పిల్లలు భక్తితో 'ఇల్ సోఁ వన్యు' అని రాస్తారు. అది చదివిన ఫ్రెంచివారికి ఒక నాన్న కాదు, చాలామంది వచ్చారని అర్థమవుతుంది. 'ఇల్ ఎ వన్యు' అనడమే సరైనది. వాడు, అతను, ఆయన, వారు అనే నాలుగు మెట్లూ అక్కడ ఒకే 'ఇల్'.

మూడోది ఆచారానికి సంబంధించినది. అక్కడ పిల్లలు తల్లిదండ్రులను, తాతయ్యలను కూడా సాధారణంగా 'త్యు' అనే పిలుస్తారు. పరిచయం లేని కొట్టు కుర్రాణ్ణి మాత్రం, మనవైపు 'రేయ్ అబ్బాయ్' అన్నట్టు కాక, 'వూ' అనే పలకరించాలి.

మనం, మేము – రెండింటికీ ఒకే మాటా?

అవును, 'నూ'. వినేవారిని కలుపుకున్నామా లేదా అన్న తేడా ఫ్రెంచిలో చూపించలేం. మాట్లాడేటప్పుడు 'నూ' బదులు 'ఓఁ' అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. అర్థం 'మనం' అయినా, దానితో క్రియ ఏకవచనంలో ఉంటుంది.

భూతకాలంలో కొన్ని క్రియలకు 'అవ్వార్', కొన్నింటికి 'ఎత్ర్' ఎందుకు వస్తాయి?

'పస్సే కోఁపోజే' అనే భూతకాలంలో చాలా క్రియలు 'అవ్వార్'తోనే నడుస్తాయి. ఎత్ర్‌తో నడిచేవి పదిహేను చిల్లర క్రియలు, వాటితోపాటు 'తనను తాను' అనే అర్థమిచ్చే స్వార్థక క్రియలు. ఆ పదిహేనింటినీ నేను అలిపిరి ప్రయాణంగా చెబుతాను. ఇంటి నుంచి బయలుదేరాం, అలిపిరికి చేరాం, కొండ ఎక్కాం, దారిలో ఒకరు పడ్డారు, ఆయన కోసం కాసేపు అక్కడే ఉండిపోయాం, గుడి లోపలికి వెళ్ళాం, బయటికి వచ్చాం, కొండ దిగాం, తిరిగి ఇల్లు చేరాం. ఇందులోని క్రియలన్నీ ఎత్ర్‌తోనే వస్తాయి. దీనికి పుట్టడం, చనిపోవడం, మారిపోవడం చేర్చుకుంటే పట్టిక దాదాపు పూర్తయినట్టే.

ఇక్కడ ఒక గోతి ఉంది. కదలికను చెప్పే క్రియలన్నీ ఎత్ర్‌తో వస్తాయని కొందరు నేర్పుతారు, అది సరికాదు. నడవడం, పరుగెత్తడం 'అవ్వార్'తో వస్తాయి. 'నడిచి వెళ్ళాం' అనే తెలుగు మాటను విడదీసి చూడండి: 'నడిచి' అన్నది ఎలా కదిలామో చెబుతుంది, 'వెళ్ళాం' అన్నది చోటు మారిందని చెబుతుంది. చోటు మారడం చెప్పేది ఎత్ర్ వైపు, తీరు చెప్పేది అవ్వార్ వైపు.

మరో సంగతి. అదే 'ఎక్కు' క్రియకు కర్మ దొరికితే ఎత్ర్ తప్పుకుంటుంది. 'నూ సొమ్ మోఁతే' అంటే 'పైకి ఎక్కాం'. 'అలిపిరి దారిలోని 3550 మెట్లూ ఎక్కాం' అని మెట్లను కర్మగా చెబితే 'నూ జావోఁ మోఁతే' అనాలి. పెట్టెలు పైకి మోసినా ఇదే రూపం. ఎత్ర్ వచ్చినప్పుడు క్రియ కర్తను అనుసరించి మారుతుంది. ఎక్కినవారందరూ స్త్రీలైతే రాతలో అదనంగా ఒక 'ఇ', ఒక 'ఎస్' చేరతాయి, పలకడంలో ఏ మార్పూ ఉండదు.

'అవ్వార్'తో వచ్చినప్పుడు క్రియ మారదన్నారు, కానీ కొన్ని వాక్యాల్లో మారుతోంది. ఎందుకు?

కర్మ క్రియ కంటే ముందు వచ్చినప్పుడు మారుతుంది. 'నేను లడ్డూలు కొన్నాను' అనే వాక్యంలో మార్పు లేదు. 'నేను కొన్న లడ్డూలు' అనే అర్థంలో, లడ్డూలు ముందుకు వచ్చి తర్వాత 'కొన్న' వస్తుంది కనుక, ఆ క్రియారూపానికి బహువచనపు 'ఎస్' చేరుతుంది. రాసేవాడు క్రియ దగ్గరికి వచ్చేసరికి దేని గురించో అతనికి తెలిసి ఉంటే సరిచేస్తాడు, తెలియకపోతే వదిలేస్తాడు అనుకుంటే గుర్తుంటుంది. 16వ శతాబ్దపు కవి క్లెమాఁ మారో ఇటాలియన్ భాషను ఆదర్శంగా చూపి ఈ నియమాన్ని పద్యంలో బోధించాడు. ఫ్రెంచి పిల్లలు కూడా ఇక్కడ తప్పులు రాస్తారు కనుక మొదటి ఏడాది దీని మీద దిగులు పెట్టుకోనవసరం లేదు.

పస్సే కోఁపోజే, ఎఁపార్ఫే – రెండు భూతకాలాలు ఎందుకు? ఏది ఎక్కడ వాడాలి?

నా తరగతిలో ఈ ప్రశ్నకు ఒక సాయంత్రం మొత్తం కేటాయిస్తాను, ఎందుకంటే ఇంగ్లీషు పుస్తకాల్లో పేజీలకు పేజీలు సాగే ఈ వివరణ తెలుగులో చాలా తక్కువ మాటల్లో తేలిపోతుంది. 'వెళ్ళాం', 'వెళ్ళేవాళ్ళం' అనే రెండు రూపాల మధ్య తేడాయే అది. 'చిన్నప్పుడు ప్రతి శనివారం గోవిందరాజస్వామి గుడికి వెళ్ళేవాళ్ళం' – ఇది ఎఁపార్ఫే, 'నూ జాలియోఁ'. 'నిన్న గుడికి వెళ్ళాం' – ఇది పస్సే కోఁపోజే, 'నూ సొమ్ జాలే'. వెనకాల సాగుతూ ఉన్నదానికీ ఎఁపార్ఫేనే: వాన కురుస్తూ ఉంది ('ఇల్ ప్లెవే'), అంతలో బస్సు వచ్చింది ('ల బ్యూస్ ఎ తారివే').

'తెలుసు', 'తెలిసింది' అనే జంట మరీ ముచ్చటైనది. 'అప్పటికే నాకు ఆ సంగతి తెలుసు' అనడానికి 'జ సవే', 'నిన్ననే తెలిసింది' అనడానికి 'జే స్యు'. ఫ్రెంచిలో ఒకే క్రియ కాలం మార్చుకుని ఈ రెండు అర్థాలూ ఇస్తుంది.

తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే చోటు 'ఉంది' అనే మాట. 'నిన్న జ్వరంగా ఉంది', 'ఈ రోజు జ్వరంగా ఉంది' అని రెండింటికీ ఒకే రూపం వాడతాం కనుక, నిన్నటి సంగతి చెబుతూ కూడా వర్తమానకాలం రాసేస్తాం. ఈ విషయంలో చిత్తూరు జిల్లా పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ముందుంటారు. 'నిన్న జ్వరంగా ఉండింది' అని ఇంట్లో వినే రూపం వారికి భూతకాలాన్ని గుర్తు చేస్తుంది. పుస్తకాల తెలుగులో అంతగా కనిపించని ఆ 'ఉండింది'ని నేను తరగతిలో పనిగట్టుకుని వాడిస్తాను.

కాలం నిడివి చెప్పేటప్పుడు మూడు రకాల వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. 'అప్పట్లో చిత్తూరులో ఉండేవాళ్ళం' అన్నదానికి హద్దు లేదు, కనుక ఎఁపార్ఫే: 'నూ జాబితియోఁ'. 'మూడేళ్ళు చిత్తూరులో ఉన్నాం, తర్వాత వచ్చేశాం' అన్నదానికి హద్దు ఉంది, ఎంత పొడవైన కాలమైనా పస్సే కోఁపోజే: 'నూ జావోఁ జాబితే'. 'మూడేళ్ళుగా చిత్తూరులో ఉంటున్నాం' అన్నది ఇంకా సాగుతోంది, కనుక వర్తమానకాలమే, దానికి 'దప్యుయి' చేర్చాలి. ఈ మూడోదాని దగ్గర ఇంగ్లీషును అనుసరించినవారు భూతకాలంలోకి జారిపోతారు. మన 'మూడేళ్ళుగా'లోని 'గా'యే వారి 'దప్యుయి'.

స్యుబ్జోఁక్తీఫ్ అంటే ఏమిటి? దాన్ని ఎలా గుర్తుపట్టాలి?

జరిగినదాన్నో జరగబోయేదాన్నో చెప్పడం కాక, జరగాలని కోరడం, జరగడం అవసరమనడం, జరుగుతుందో లేదోనని సందేహించడం వంటి సందర్భాల్లో క్రియ తీసుకునే రూపం ఇది. తెలుగులో దీనికి సరిసమానమైనది లేదు కానీ, దగ్గరి చుట్టం ఉంది. తెలుగు వాక్యంలో 'అని'కి ముందు ఏముందో చూడండి. 'అతను రావాలని కోరుతున్నాను' – 'ఆలి' వచ్చింది, కనుక స్యుబ్జోఁక్తీఫ్: 'కిల్ వియెన్'. 'అతను వస్తాడని అనుకుంటున్నాను' – 'ఆలి' లేదు, కనుక మామూలు భవిష్యత్తు: 'కిల్ వియెఁద్రా'. 'వస్తాడని ఆశిస్తున్నాను' అన్నప్పుడు కూడా మామూలు రూపమే. కోరడం, ఆశించడం ఒకటే కదా అని చాలామంది పుస్తకాలతో తగవు పెట్టుకునే ఈ చోట తెలుగు తూకం సరిగ్గా సరిపోతుంది. 'నువ్వు రావాలి' అనే ఒంటి వాక్యానికీ 'ఇల్ ఫో క త్యు వియెన్' అని అదే రూపం.

అయితే చుట్టం అన్ని పెళ్ళిళ్ళకూ రాదు. 'నువ్వు వచ్చినందుకు సంతోషం', 'వాన పడుతున్నా వెళ్ళాను', 'అతను రాకముందే' అనే మూడింటిలో 'ఆలి' లేకపోయినా ఫ్రెంచిలో స్యుబ్జోఁక్తీఫ్ వస్తుంది. 'అతను వచ్చాక' అన్నదానికి మాత్రం వ్యాకరణం ప్రకారం మామూలు రూపమే. కోరేవారూ చేసేవారూ ఒకరే అయితే ఈ గొడవే లేదు, ధాతురూపం చాలు: నాకు వెళ్ళాలని ఉంది అనడానికి 'జ వె ఆలే'.

'చూశావా?' అని అడిగితే 'చూశాను' అంటే సరిపోదా?

తెలుగులో సరిపోతుంది, ఫ్రెంచిలో సరిపోదు. మనం కర్తనూ కర్మనూ కూడా హాయిగా వదిలేస్తాం. ఫ్రెంచిలో రెండూ కనబడాలి. క్రియల చివరి అక్షరాలు చాలా వరకు పలకరు కనుక, 'పార్ల్' (మాట్లాడు) అని ఒక్క మాట అంటే నేనా, నువ్వా, వాళ్ళా అన్నది తెలియదు. అందుకే కర్త తప్పనిసరి. కర్మ స్థానంలో మూడు చిన్న మాటలు పనిచేస్తాయి. ఫలానా సినిమా చూశావా అంటే 'జ లే వ్యు', ఆ సినిమాకు బదులు 'ల్' వచ్చింది. పాలు కొన్నావా అంటే 'జాఁ నే అష్తే', కొంచెం అనే అర్థమున్న 'ద్యు'కు బదులు 'ఆఁ' వచ్చింది. పిల్లలున్నారా అంటే 'ఇద్దరున్నారు' అనడానికి 'జాఁ నే దె' – అంకె చెప్పినా 'ఆఁ' ఉండాల్సిందే. తిరుమల వెళ్తున్నావా అంటే 'జీ వే', చోటుకు బదులు 'ఈ' వచ్చింది. ఆర్టికళ్ళ మీద పట్టు రానిదే ఈ సర్వనామాలు కుదురుకోవు, కనుక వరుస మార్చి నేర్చుకోకండి.

'నువ్వు రావడం లేదా?' అంటే 'అవును' అనాలా, 'లేదు' అనాలా?

మనం 'అవును, రావడం లేదు' అంటాం. అడిగినవారి మాటతో ఏకీభవిస్తున్నామన్నది మన లెక్క. ఫ్రెంచివారు జరిగే పనిని బట్టి చూస్తారు. రాకపోతే 'నోఁ'. వస్తుంటే 'వీ' అనకూడదు, 'సి' అనాలి. వ్యతిరేక ప్రశ్నను కాదనడానికే ఆ మాట ఉంది. ఈ ఒక్క తేడా తెలియక ఫోనులో అపాయింట్‌మెంట్లు తారుమారైన సందర్భాలు నేనెరుగుదును.

విశేషణాన్ని ముందు పెట్టాలా, వెనక పెట్టాలా?

ఎక్కువ విశేషణాలు వెనకే వస్తాయి. మంచి, చెడు, పెద్ద, చిన్న, అందమైన, కొత్త, ముసలి వంటి రోజువారీ మాటలు కొన్ని ముందు వస్తాయి. చోటు మారితే అర్థం మారేవాటి విషయంలోనే జాగ్రత్త అవసరం. మన ఊరి గుళ్ళ గురించి ఫ్రెంచిలో రాసే గైడ్లకు ఇది మరీ ముఖ్యం. 'అఁ తాఁప్ల్ ఆఁసియెఁ' అంటే పురాతనమైన గుడి. 'అఁ నాఁసియెఁ తాఁప్ల్' అంటే ఒకప్పుడు గుడి, ఇప్పుడు కాదు. నిత్యం పూజలు జరిగే గుడి గురించి రెండోది రాశారంటే చదివినవారు శిథిలాలు వెతుకుతారు.

ఊళ్ళకూ దేశాలకూ 'లో' అనే విభక్తి ఎందుకు మారుతుంది?

ఊరికి ఎప్పుడూ 'ఆ': ఆ తిరుపతి, ఆ పారీ. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మన యానాంకూ అంతే. దేశం పేరు స్త్రీలింగమైతే 'ఆఁ' (ఫ్రాన్సు, ఇండియా), పుంలింగమైతే 'ఓ' (కెనడా, జపాన్), బహువచనమైతే అదే 'ఓ'ను బహువచన రూపంలో రాస్తారు (అమెరికా సంయుక్త రాష్ట్రాలు). ఇరాన్, ఇరాక్ పుంలింగాలైనా అచ్చుతో మొదలవుతాయి కనుక 'ఆఁ' తీసుకుంటాయి.

ఒకే మాటకు రెండు పుస్తకాల్లో రెండు స్పెల్లింగులు ఉన్నాయి. ఏది సరైనది?

బహుశా రెండూ. 1990 డిసెంబరులో ఫ్రెంచి ప్రభుత్వ గెజిట్‌లో కొన్ని స్పెల్లింగు సవరణలు వెలువడ్డాయి. ఉల్లిపాయ అనే మాటలో పలకని 'ఐ' అక్షరాన్ని తీసేయవచ్చన్నారు, కొన్ని అచ్చుల మీద ఉండే గొడుగు గుర్తు ఐచ్ఛికమన్నారు. పాత పద్ధతిని రద్దు చేయలేదు కనుక రెండూ చెల్లుతాయి. ఒకే కాగితంలో రెండింటినీ కలపకుండా రాయండి.

దెల్ఫ్ (ఫ్రెంచి నైపుణ్యాన్ని ధ్రువీకరించే) పరీక్షలో వ్యాకరణానికి విడిగా పేపరు ఉంటుందా?

ఉండదు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం – ఒక్కోదానికి 25 చొప్పున మొత్తం 100 మార్కులు. ఉత్తీర్ణతకు 50 రావాలి, ఏ భాగంలోనూ 5 కంటే తగ్గకూడదు. వ్యాకరణాన్ని రాయడం, మాట్లాడడం అనే భాగాల్లో చూస్తారు. కనుక నియమాల పట్టికలు వల్లె వేసే సమయంలో కొంత తగ్గించి, రోజూ పది వాక్యాల డైరీ రాయండి. నిన్న ఏం చేశారో పస్సే కోఁపోజేలో, అప్పుడు ఎలా ఉండిందో ఎఁపార్ఫేలో రాస్తే, పైన చెప్పిన చిక్కుల్లో సగానికి పైగా ఆ పది వాక్యాల్లోనే ఎదురవుతాయి.